అంతర్వేది తీర్థంలో కొన్న కలల పుస్తకం

మాఘమాసంలో అంతర్వేది తీర్థానికెళ్లి, రథం చూసి తిరిగొస్తుంటే గాజుల కొట్ల పక్కన పట్టా పరిచి పుస్తకాలు అమ్ముతున్నారు. అందులో స్వప్న ఫలాల పుస్తకం ఒకటి. 60 చెప్పి 50 రూపాయలకి ఇచ్చాడు. అత్తయ్యగారి కోసం కొన్నాను. ఆవిడకి రోజూ కలలొస్తాయి, రోజూ నాకే చెబుతారు.

64 పేజీలు, పిన్నులు కొట్టిన బైండింగు. నెల తిరక్కుండానే అట్ట ఊడింది. అక్షర క్రమంలో ఉందన్నారు గానీ పాము కోసం 'ప' దగ్గర వెతికితే దొరకదు, 'స'లో సర్పం అని ఉంది. ఏనుగెక్కితే ఏమవుతుందో, పల్లకీ ఎక్కితే ఏమవుతుందో రాశారు. ఆర్టీసీ బస్సు తప్పిపోతే ఏమిటో లేదు. హాల్‌టికెట్ మర్చిపోయి పదో తరగతి లెక్కల పరీక్షకి వెళ్లినట్టు నాకు ఇప్పటికీ కలొస్తుంది. పరీక్ష అన్న మాటే ఇందులో లేదు.

ఉన్నవాటితో ఇంకో చిక్కు. పన్ను ఊడినట్టు కలొస్తే అయినవాళ్లకి కీడట. అత్తయ్యగారికి ఆ కల మూడుసార్లు వచ్చింది. ఇక తణుకులో ఆడపడుచుకి, మలికిపురంలో పెదమామయ్యగారికి పొద్దున్నే ఆరింటికి ఫోన్లు, "అందరూ బాగున్నారా" అని. వాళ్లకీ టెన్షన్. వారం తిరిగేసరికి ఈవిడ దవడే వాచింది. అమలాపురం తీసుకెళ్తే పుచ్చిన పన్ను పీకారు. ఆ కల మళ్లీ రాలేదు. పళ్లూడే కలలకీ, నిద్ర లేచేసరికి పళ్లలో, చిగుళ్లలో ఉండే బాధకీ సంబంధం కనిపించిందని 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు రాశారు. ఈ పుస్తకంలో ఆ ముక్క ఒక్కటి వేసుంటే మాకు ఫోన్ల గొడవ తప్పేది.

తెల్లవారుజాము కల త్వరగా ఫలిస్తుందని మా అమ్మమ్మా అనేది, పుస్తకమూ అంటుంది. ఆ మాట ఎలా పుట్టి ఉంటుందో నాకొక ఊహ. కనుగుడ్లు చకచకా కదిలే నిద్ర ఒకటుందని 1953లో షికాగోలో ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ చెప్పారు. సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. అందులోంచి లేస్తే కల గుర్తుంటుంది. గుర్తున్న కలే కదా నిజమైందని చెప్పుకునేది!

నాకు ఒళ్లు మండింది మాత్రం ఒక్కచోటే. 'నది పొంగినట్టు కనిపిస్తే ధనలాభం.' ఇది రాసినాయన మాలాగా గోదారి మధ్య లంకలో పుట్టి ఉండడు. 1986 ఆగస్టు వరదకి నాకు ఏడేళ్లు. నీళ్లు చూరు దాకా వచ్చాయి. నాన్న మమ్మల్ని పడవలో ఏటిగట్టు మీదకి చేర్చి, పాడిగేదె పలుపు కోసి వదిలేశాడు. దాని అరుపు ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. ధనలాభం మాట దేవుడెరుగు, ఆ యేడు అరటితోట ఊడ్చుకుపోయింది.

పొద్దున్న కాఫీ దగ్గర అరగంట కాలక్షేపానికి 50 రూపాయలు దండగ కాదు. భయస్తులున్న ఇంటికి మాత్రం వద్దు. మొన్న జూలైలో "గోదారి పొంగినట్టు కలొచ్చిందే అమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు. పుస్తకం ఎవరం తియ్యలేదు. ధవళేశ్వరం నీటిమట్టం ఫోన్‌లో చూశాను. మొదటి హెచ్చరికకి, అంటే 11.75 అడుగులకి, ఇంకా చాలా దూరం ఉంది. అయినా బియ్యం బస్తా అటకెక్కించాం.