పాలు తోడేసిన చద్దన్నం: ఏళ్ల తరబడి తిన్నాక నా అభిప్రాయం

చద్దన్నం తింటే టెన్షన్ తగ్గుతుందా అని చాలామంది అడుగుతున్నారు. కొన్నేళ్లుగా నా పొద్దుటి టిఫిన్ ఇదే కాబట్టి సూటిగా చెబుతాను: కడుపుకి బ్రహ్మాండం, మనసుకి కొంత మేలు, అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

రాత్రి అన్నం వండగానే కొంచెం తీసి మట్టిచట్టిలో మెదిపి, మునిగేదాకా పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు కలిపి మూత పెడతాను. తెల్లారేసరికి గడ్డగా తోడుకుంటుంది, ఉప్పు వేసుకుని ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలే వేయదు.

ఉబ్బరం, మలబద్ధకం కొద్ది వారాల్లోనే తగ్గాయి. ఆఫీసుకి బయల్దేరే ముందు వచ్చే గుండెదడ, కడుపులో దేవినట్టుండటం మాత్రం నెమ్మదిగా, నెలలు గడిచాక తగ్గాయి, అయితే అదే రోజుల్లో పరగడుపున కాఫీ తాగడం కూడా మానేశాను కాబట్టి పేరంతా పెరుగుకే ఇవ్వలేను.

పేగుకీ మెదడుకీ సంబంధం ఉన్నమాట నిజమే. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో ఎలుకలకి ఒక రకం లాక్టోబాసిల్లస్ (పెరుగులో ఉండే జాతి బ్యాక్టీరియా) ఇస్తే ఆందోళన తగ్గింది, పేగు నుంచి మెదడుకి కబుర్లు మోసే వేగస్ నరం కోసేసిన ఎలుకల్లో ఆ ప్రభావం కనబడలేదు. 2023లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు, మందులు వాడుతున్నా డిప్రెషన్ పూర్తిగా తగ్గని 49 మంది మీద 8 వారాలు పరీక్ష చేస్తే, 14 రకాల బ్యాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా మందు) తీసుకున్నవాళ్లకి, తీసుకోనివాళ్ల కంటే డిప్రెషన్, ఆందోళన రెండూ ఎక్కువగా తగ్గాయి. అది చిన్న పరీక్ష, వాళ్లంతా మందులు వేసుకుంటూనే ఉన్నారు, పైగా మన తోడులో ఉండే బ్యాక్టీరియా వేరు. దయచేసి ఎవరూ చద్దన్నాన్ని నమ్ముకుని మాత్రలు ఆపకండి, అలా ఆపేయమని చెప్పే వీడియోలు చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. మూడ్‌ మీద ప్రభావం చూపే సెరొటోనిన్ అనే రసాయనంలో 90 శాతం పేగులోనే తయారవుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, అది నిజమే కానీ ఆ సెరొటోనిన్ నేరుగా మెదడులోకి వెళ్లదు.

ఇడ్లీ పిండి కూడా పులిసిందే కానీ ఆవిరికి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది, కాబట్టి చద్దన్నంలో పోపు వేసుకునేవాళ్లు అది చల్లారాకే కలపండి. గంటలకొద్దీ బయట పడి ఉన్న అన్నాన్ని తోడు పెట్టొద్దు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎండాకాలంలో తొందరగా పుల్లబడుతుంది, అప్పుడు తోడు సగం చెంచా వేస్తే చాలు.