అప్రైజల్ తక్కువ వస్తే అభ్యంతరం చెప్పే అవకాశం ఒక్కసారే: మాలాగా పోగొట్టుకోకండి

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొంటున్న మనవాళ్ళందరికీ ఈ హెచ్చరిక. అప్రైజల్ అంటే, మనకు అప్పిచ్చే లెండర్ ఆ ఇంటికి వేయించే విలువ అంచనా. ఫ్రిస్కోలో ఇల్లు కొన్నప్పుడు మేము అనుకున్నదానికంటే 28,000 డాలర్లు ఎక్కువ చేతినుంచి పెట్టాల్సి వచ్చింది. అందులో కొంతైనా మిగిలేది. మా లోన్ ఆఫీసర్ నిర్లక్ష్యం వల్ల, అతని మాట నమ్మి మేము ఊరుకోవడం వల్ల మిగల్లేదు.

అమ్మేవాళ్ళు అడిగిన ధర 5,99,000 డాలర్లు. తూర్పు ముఖం ఇల్లు కావడంతో పోటీ గట్టిగా ఉంది. మేము 6,20,000 రాశాం. ఆఫర్ నిలవాలంటే, అప్రైజల్ తక్కువ వస్తే కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు వదులుకోవాలని మా ఏజెంటు సలహా ఇచ్చాడు. టెక్సస్‌లో దీనికి కాంట్రాక్టుతో జతచేసే ఒక పత్రం ఉంది, అందులో మూడు గడులు. మొదటి గడిలో టిక్కు పెడితే, లెండర్ వేయించిన అప్రైజల్ ఎంత తక్కువ వచ్చినా ఆ కారణం చూపి కాంట్రాక్టు రద్దు చేసుకోలేం. వెనక్కి తగ్గితే బయానా పోతుంది. మేము అక్కడే టిక్కు పెట్టాం. రెండో గడిలో ఒక అంకె రాసి, విలువ అంతకంటే తగ్గితే హక్కు మన దగ్గరే ఉంచుకోవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు.

అప్రైజల్ 5,85,000 వచ్చింది. కొన్న ధర, అప్రైజల్ విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే లెండర్ అప్పు లెక్కకడతాడు. 20 శాతం డౌన్ పేమెంట్‌తో మాకు 4,96,000 అప్పు రావాలి. అది 4,68,000కు పడిపోయింది. తేడా 28,000.

లోన్ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తే, "కంగారు పడకండి, అభ్యంతరం నేను పంపిస్తాను, మీరేమీ చేయనవసరం లేదు" అన్నాడు. మూడో రోజున, అప్రైజర్ విలువ మార్చడానికి ఒప్పుకోలేదని కబురు వచ్చింది. ఏం రాసి పంపారో చూపించమని అడిగితే రెండు వాక్యాల ఈమెయిల్ పంపాడు. కొనుగోలుదారులు ఈ విలువ తక్కువని భావిస్తున్నారు, దయచేసి మళ్ళీ పరిశీలించండి. అంతే. ఒక్క ఆధారం లేదు, ఒక్క ఇంటి చిరునామా లేదు.

ఆ రాత్రి మా వారూ నేనూ కూర్చుని రిపోర్టు మొత్తం చదివాం. అది వచ్చిన రోజునే చేయాల్సిన పని. మేము అప్పుడు అంకె ఒక్కటే చూసి మూసేశాం. లోపల ఉన్నది చూస్తే కడుపు మండిపోయింది. గ్యారేజీ పైన ఉన్న పెద్ద గది, సుమారు 230 చదరపు అడుగులు, అప్రైజర్ గీసిన ఇంటి నక్షాలో లేదు. అదే రిపోర్టులోని ఫోటోల పేజీలో మాత్రం ఆ గది బొమ్మ ఉంది! మొత్తం వైశాల్యంలో అది కలవలేదు. పోలికకు తీసుకున్న మూడు ఇళ్ళలో ఒకటి టోల్‌వేకు అవతలి పక్క, మా ఇంటికంటే ఎనిమిదేళ్ళు పాతది. మా వీధికి పక్క వీధిలోనే నాలుగు నెలల్లోపు అమ్ముడైన రెండు ఇళ్ళను ఆయన ముట్టుకోలేదు.

ఆ రెండు ఇళ్ళ సంగతి మాకు ఎలా తెలిసిందో చెప్పాలి. టెక్సస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడైందో బయటపెట్టాలన్న చట్టం లేదు. అందరం చూసే వెబ్‌సైట్లలో కనిపించేది అమ్మకం ధర అని నమ్మలేం. అసలు ధర ఎమ్మెల్లెస్‌లో, అంటే ఏజెంట్లు మాత్రమే పూర్తిగా చూడగలిగే ఉమ్మడి అమ్మకాల జాబితాలో ఉంటుంది. మా ఏజెంటును అడిగితే పది నిమిషాల్లో తీసి పంపాడు. అడగాలని మాకు అంతవరకూ తోచలేదు, ఆయన తానుగా ఇవ్వలేదు.

మర్నాడు ఇవన్నీ రాసి లోన్ ఆఫీసర్‌కు పంపాం. జవాబు: ఇక కుదరదు. లెండర్ల దగ్గర ఇంటి అప్పులు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థల నియమాల ప్రకారం, ఒక అప్రైజల్ రిపోర్టు మీద అప్పు తీసుకునేవారి తరఫున ఒక్కసారే 'రీకన్సిడరేషన్ ఆఫ్ వాల్యూ' (విలువను మళ్ళీ పరిశీలించమనే అభ్యంతరం) కోరవచ్చు. పోలికగా ఐదు ఇళ్ళ వరకూ చూపవచ్చు. అదంతా క్లోజింగ్‌కు, అంటే ఇల్లు మన చేతికొచ్చే చివరి సంతకాలకు ముందే జరగాలి. మా ఒక్క అవకాశం ఆ రెండు వాక్యాల ఈమెయిల్‌తో ఖర్చయిపోయింది. అభ్యంతరం ఎలా చెప్పాలో వివరించే కాగితం లెండర్ మనకు ఇవ్వాలి, ఒకసారి దరఖాస్తు అప్పుడు, మరోసారి రిపోర్టు ఇచ్చేటప్పుడు. మాకూ ఇచ్చారు. పదుల పేజీల సంతకాల కట్టలో అది ఎక్కడో ఉంది.

వేరే లెండర్ దగ్గరకు వెళితే కొత్త అప్రైజల్ వచ్చేది. కానీ దానికి కనీసం మూడు వారాలు కావాలి, అమ్మేవాళ్ళు ఒక్క వారమే గడువిచ్చారు. విజయవాడలో నాన్నగారు ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి డబ్బు పంపారు. దానికి గిఫ్ట్ లెటరు (ఇది అప్పు కాదు, కానుక అని రాసిచ్చే ఉత్తరం), బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఖాయం చేసుకున్న వడ్డీ రేటు గడువు పెంచడానికి రేట్ లాక్ పొడిగింపు రుసుము. అప్పు 4,96,000 అలాగే ఉంచి, దాన్ని 5,85,000లో దాదాపు 85 శాతంగా లెక్కకట్టి నెలనెలా పీఎంఐ (డౌన్ పేమెంట్ 20 శాతం కంటే తక్కువైతే కట్టే అప్పు బీమా) చెల్లించే దారి కూడా ఉందని తర్వాత తెలిసింది. లోన్ ఆఫీసర్ ఆ మాటే ఎత్తలేదు. డెబ్బై ఏళ్ళ నాన్నగారు బ్యాంకు చుట్టూ తిరిగిన ఆ వారం నేను మరచిపోలేను.

న్యాయంగా ఒక మాట. మేము రాసిన ధరకూ అప్రైజల్ విలువకూ మధ్య ఉన్న 35,000 తేడా అంతా అప్రైజర్ తప్పు కాదు. తూర్పు ముఖానికి మనం ఇచ్చే విలువకు అప్రైజల్ ఫారంలో గడి లేదు. వాస్తు కోసం పోటీపడి పెంచిన డబ్బు అభ్యంతరంలో రాస్తే ఫలితం ఉండదు. నక్షాలో లేని గది, తప్పు పడకగదుల సంఖ్య, వదిలేసిన దగ్గరి అమ్మకాలు, ఇవి రాయాలి. "ధర ఇంత పెట్టాం కాబట్టి విలువ ఇంత ఉండాలి" అన్నది వాదన కాదు. అప్రైజర్‌కు నేరుగా ఫోన్ చేయకండి. రుసుము మనం కట్టినా ఆయనకు పని అప్పగించింది లెండరే. ఫలానా అంకె వేయమని ఒత్తిడి చేయడం చట్టం ఒప్పుకోదు. తప్పు దిద్దమని, ఇంకొన్ని వివరాలు చూడమని లెండర్ ద్వారా అడగడాన్ని మాత్రం అదే చట్టం అనుమతిస్తుంది.

(కౌంటీ వాళ్ళు పన్ను కోసం వేసే విలువ వేరు. మే నెలలో ప్రొటెస్ట్ చేసి తగ్గించుకునేది అది. ఆ అంకె చూపించి లెండర్‌తో వాదించకండి.)

రిపోర్టు పూర్తవగానే, ఆలస్యమైనా క్లోజింగ్‌కు మూడు పనిదినాల ముందు, దాని ప్రతి మీకు అందాలి. ఈ గడువును వదులుకుంటున్నట్టు ఒక సంతకం అడుగుతారు, అవసరం లేకుండా పెట్టకండి. రిపోర్టు వచ్చిన రోజే నక్షా ముందు వేసుకుని ఇంట్లోని ప్రతి గదితో సరిచూడండి. మీరు చూసి సరేనన్న తర్వాతే అభ్యంతరం పంపాలని లోన్ ఆఫీసర్‌కు ఈమెయిల్‌లో రాసి ఉంచండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. మీ అప్రైజల్ వచ్చే వారమే అయితే, దగ్గర్లో గత ఆరు నెలల్లో అమ్ముడైన ఇళ్ళ జాబితా ధరలతో సహా పంపమని ఈ రాత్రే మీ ఏజెంటుకు రాయండి.