కంపెనీ సర్వీస్ సెంటరా, ఆటోనగర్ మేస్త్రీనా? కారు రిపేరుకు ఏది మేలు?

మా బావదీ నాదీ ఒకే మోడల్ కారు. నాది ఏడేళ్ల పాతది, ఆయనది నిన్నమొన్నటి వరకూ వారంటీలో ఉన్నది. బల్బు మార్చాలన్నా బావ కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్తాడు. నేను మూడేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దగ్గర చేయించుకుంటున్నా. పండక్కి కలిస్తే చాలు, ఇదే గొడవ. "మీ మేస్త్రీ బిల్లిస్తాడా?" అంటాడు ఆయన. "నీ బిల్లులో ఉన్న పనులన్నీ నీ కారుకు అవసరమేనా?" అంటాను నేను. ఎన్నేళ్లు వాదించుకున్నా తేలలేదు. ఎందుకంటే ఇద్దరం అడిగేదీ నిజమే. రెండు చోట్లా జేబుకు చిల్లు పడుతుంది, కాకపోతే పడే తీరు వేరు. కంపెనీ వాళ్లు అక్కర్లేని పని చేసి పక్కా బిల్లిస్తారు. బయట అవసరమైన పనే చేస్తారు గానీ, ఏ పార్టు వేశారో ఆ దేవుడికే తెలియాలి.

ముందు కంపెనీ సంగతి. సర్వీసుకు బండి ఇవ్వగానే అడ్వైజర్ ట్యాబ్ పట్టుకుని వస్తాడు. ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్టెంట్, అండర్ బాడీ కోటింగ్ అంటూ గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. మనం తలూపినవన్నీ జాబ్ కార్డులోకి, అంటే చేయాల్సిన పనులు రాసే కాగితంలోకి ఎక్కుతాయి. ఇవన్నీ మోసమని అనను, కొన్నింటికి నిజంగానే అవసరం పడొచ్చు. కానీ ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు ఏం మార్చాలో కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. గ్లవ్ బాక్స్‌లోంచి ఆ పుస్తకం తీసి, "ఇందులో ఇది లేదే, ఎందుకు చేస్తున్నారు?" అని అడిగి చూడండి. జాబితా సగానికి తగ్గుతుంది.

నా సంగతే చెప్తా. నలభై వేల కిలోమీటర్ల సర్వీసుకు బండి ఇచ్చి ఆఫీసుకు వెళ్లాను. పదకొండింటికి ఫోన్. "సార్, ముందు బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి, మార్చేయమంటారా?" బ్రేకులు అనేసరికి ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, వద్దనడానికి నోరు రాదు. నేను వచ్చి చూసేదాకా ఆగమన్నాను. వెళ్లేసరికి చక్రం విప్పి ఉంది. కుర్రాడు ప్యాడ్ తీసి చేతిలో పెట్టాడు. ఇనుప పలక మీద అతికించిన మెటీరియల్ ఎంత మిగిలిందన్నదే లెక్క. కొత్తప్పుడు సుమారు పది మిల్లీమీటర్లుంటుంది, మూడుకు దగ్గర పడితే మార్చేయాలి. స్కేలు అడిగి పెట్టి చూస్తే ఆరు! "వచ్చే సర్వీసుకు మార్చుకోవచ్చు సార్" అన్నాడు అడ్వైజర్, అప్పటిదాకా అదే మాట చెబుతున్నట్టు. ఆ ప్యాడ్లే ఇంకో పదిహేను వేల కిలోమీటర్లు వచ్చాయి.

కాబట్టి అక్కడ మనల్ని కాపాడేది నోరే, అదీ పని మొదలవ్వకముందే తెరవాలి. జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు రెండు నిమిషాలు చదవండి. కిలోమీటర్ల రీడింగు, ట్యాంకులో పెట్రోలు, ఉన్న గీతలు, సొట్టలు రాశారా? మీరు చెప్పిన సమస్య మీరు చెప్పినట్టే రాశారా? "ఎడమ ముందు చక్రం దగ్గర గుంతల్లో టకటక శబ్దం" అన్నది "జనరల్ చెకప్" అయిపోతే, రేపు శబ్దం తగ్గకపోయినా అడిగే హక్కు బలహీనపడుతుంది. ఎస్టిమేట్ దాటితే ఫోన్‌లో అనుమతి తీసుకోవాలని కూడా అందులోనే రాయించండి. మొహమాటం వద్దు.

ఇక మేస్త్రీ. ఆయన గొప్పదనం ఒక్కటే, పాడైన ముక్కను మాత్రమే బాగు చేస్తాడు. రెండేళ్ల కిందట నా కారులో బ్యాటరీ లైటు వెలిగి ఆరకపోతే కంపెనీ వాళ్లు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మొత్తం మార్చాలన్నారు. లెక్క పన్నెండు వేలు దాటింది. మేస్త్రీ దాన్ని విప్పించి, బేరింగూ కార్బన్ బ్రష్‌లూ మార్పించి, పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. ఇప్పటికీ ఢోకా లేదు.

అలాగని బయట అంతా బాగుంటుందనుకోవద్దు. ఈ మేస్త్రీ కంటే ముందు ఇంకొకరి దగ్గర ఆయిల్ మార్పించాను. నేను టీ తాగి వచ్చేసరికి పనైపోయింది. రెండు నెలలకు కారు నిలిపిన చోట నల్లటి మరక. చూస్తే ఫిల్టర్ దగ్గర కారుతోంది. ఫిల్టర్ మీద కంపెనీ పేరుందిగానీ సరుకు మాత్రం నకిలీ. తీసుకెళ్లి అడిగితే "అది నేను వేసింది కాదు సార్" అన్నాడు. బిల్లు లేదు, పాత ఫిల్టర్ లేదు, నా దగ్గర ఉన్నదల్లా టీ తాగిన జ్ఞాపకం.

అందుకే ఇక్కడ కాపాడేవి కళ్లు. ఆయిల్ డబ్బా సీలు నా ముందే తీయాలి. తీసేసిన పాత పార్టు నాకివ్వాలని పని మొదలుపెట్టేటప్పుడే చెప్తాను, అయ్యాక అడిగితే చెత్తలో పడేశామంటారు. (వారంటీలోనో ఇన్సూరెన్స్‌లోనో మార్చినవైతే పాతవి మనకు రావు, అది వేరే లెక్క.) ఖరీదైన పార్టు అయితే డీలర్ స్పేర్స్ కౌంటర్‌లో బిల్లుతో నేనే కొని తెస్తాను. మొదట్లో మేస్త్రీ మొహం చిన్నబుచ్చుకున్నాడు, పార్టు మీద ఆయనకు వచ్చేది పోతుంది కదా. లేబర్ కాస్త ఎక్కువే ఇస్తానన్నాక సరేనన్నాడు. ఏమేం చేశాడో వాట్సాప్‌లో పెట్టమంటే టైప్ చేయలేడు గనక వాయిస్ మెసేజ్ పెడతాడు, వెనక సుత్తి దెబ్బలతో సహా. డబ్బు ఫోన్‌పేలో కొడతాను. పక్కా బిల్లు కాకపోయినా, రేపు ఏదైనా తేడా వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఈ రెండింటికీ మధ్యలో ఇంటికొచ్చి బండి తీసుకెళ్లే యాప్‌లు, అన్ని కంపెనీల కార్లూ చూసే గ్యారేజీలు ఉన్నాయి. బిల్లిస్తారు, రేటు కాస్త తక్కువ. పని మాత్రం ఆ రోజు ఎవరి చేతిలో పడిందన్నదాన్ని బట్టే. అటు కళ్లూ పనిచేయవు, ఇటు అడ్వైజర్ ఎదురుగానూ ఉండడు. నాకు నచ్చలేదు.

బయట ముట్టుకుంటే వారంటీ పోతుందన్న భయం సంగతేమిటి? 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సరిగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు దాదాపు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలూ, లోపం కనిపెట్టే పరికరాలూ బయటి మెకానిక్‌లకూ దొరకాలని, బయట చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని గంపగుత్తగా రద్దు చేసే షరతులు పెట్టొద్దని ఆదేశించింది. దాని మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. సూత్రం మనవైపే ఉన్నా, గేర్‌బాక్స్ పోయినప్పుడు ఆ ఆర్డరు పట్టుకుని సర్వీస్ మేనేజర్‌తో వాదించే ఓపిక నాకు లేదు. వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీకే వెళ్తాను. ఇక్కడ బావదే గెలుపు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసేది), ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే వారంటీ దాటినా అక్కడికే. క్లచ్, సస్పెన్షన్, బ్రేకులు, రేడియేటర్ లాంటివి మేస్త్రీకి.

యాక్సిడెంట్ అయితే మాత్రం ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న గ్యారేజీకే పోవాలి, క్యాష్‌లెస్ ఉంటుంది, అంటే బిల్లు బీమా కంపెనీయే నేరుగా గ్యారేజీకి కడుతుంది. మేస్త్రీ దగ్గర చేయించి తర్వాత డబ్బు రాబట్టుకోవచ్చు గానీ పక్కా బిల్లు కావాలి, నష్టం లెక్కకట్టే బీమా సర్వేయర్ చూడకముందు బండి విప్పకూడదు. ఇంకో విషయం, బంపర్ లాంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మామూలు పాలసీలో సగం తరుగు కోస్తారు, అది మన జేబులోంచే. తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ కవర్ ఉంటే ఆ బాధ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా తడిసిన బండికి తాళం తిప్పితే నీరు సిలిండర్లలోకి పోయి ఇంజిన్ పట్టేస్తుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేకపోతే ఆ ఖర్చు దగ్గర బీమా కంపెనీలు పేచీ పెడతాయి. తోయించండి, లాగించండి, స్టార్ట్ మాత్రం చేయొద్దు.

గొడవ ముదిరితే? ఇక్కడే మళ్లీ బావ వాదనకు బలం. పని సరిగా చేయకుండా డబ్బు కట్టందే బండి ఇవ్వం అంటే, కట్టేసి, బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి ఫొటో తీసుకోండి. మెయిల్ పెట్టండి. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు నమోదు చేసి కంపెనీకి పంపుతారు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. లోపం ఫలానా అని ఇంకో మెకానిక్ దగ్గర రాయించుకున్న కాగితం ఉంటే మంచిది. అసలు బిల్లివ్వకపోవడమే ఆ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. అందుకే "బిల్లు వద్దంటే జీఎస్టీ 18 శాతం మిగులుతుంది సార్" అన్నప్పుడు ఆ మిగులుకు ఆశపడను. చిన్న పనికైతే ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు.

పోయిన నెల బావ కారు వారంటీ అయిపోయింది. మొన్న ఆదివారం ఫోన్ చేసి, క్లచ్ గట్టిగా ఉంది, మీ మేస్త్రీ నంబరు పంపు అన్నాడు. పంపాను. పది నిమిషాలకు మళ్లీ ఫోన్. "ఎంతసేపు పడుతుందట?"

"నాలుగైదు గంటలు. దగ్గరుండి చూసుకో."

"అంతసేపా? కూర్చోడానికి ఏమైనా ఉంటుందా అక్కడ?"

పాత టైరుంటుందని చెప్పాను.