ఐదు వేసవులు వాడిన సోడా ఫౌంటెన్ మెషీన్: నురగ సంగతి తెలియడానికి ఏడాదిన్నర పట్టింది

ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో మెషీన్ తప్పెంతో, దాన్ని నేను పెట్టిన చోటు తప్పెంతో చదివితే మీకే తెలుస్తుంది.

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దాటి కరకంబాడి రోడ్డు వైపు కాస్త వస్తే మా కొట్టు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. నాన్న ఉన్నన్నాళ్లూ గోలీ సోడానే. 2021 జనవరిలో నేను ఎనిమిది ఫ్లేవర్లు, రెండు ప్లెయిన్ సోడా కుళాయిలు ఉన్న మెషీన్ తెచ్చి పెట్టాను. ఆర్వో, స్టెబిలైజర్, రెండు సిలిండర్ల డిపాజిట్ కలుపుకుంటే రెండు లక్షలు దాటింది. కంపెనీ పేరు రాయను. నేను చూసినంతలో ఈ రకం మెషీన్లన్నిటికీ లోపలి వ్యవహారం ఒకటే. ఆర్వో నీళ్లను ఒక మోటరు గట్టిగా తోస్తుంది. స్టీలు ట్యాంకులో ఆ నీళ్లకి సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పడుతుంది. ఐసు పేరుకున్న నీళ్ల తొట్టిలో చుట్టలు చుట్టిన పైపు గుండా సోడా చల్లబడి కుళాయికి వస్తుంది. సిరప్ వేరే పైపులో వచ్చి మూతి దగ్గర కలుస్తుంది.

మొదటి వేసవి లెక్కలోకి రాదు. 2021 మేలో కర్ఫ్యూ, మధ్యాహ్నం పన్నెండుకే షట్టర్ దించేయడం. ఆ తర్వాత కొన్నాళ్లు పూర్తిగా మూసేశాను. మళ్లీ తెరిచేసరికి సిరప్ పైపుల్లో నల్లటి జిగురు. అది కడగడానికి రెండు రోజులు పట్టింది. వాడకుండా వదిలేస్తే మెషీన్ పాడవదు, కుళ్లుతుంది. ఈ మాట అమ్మినతను చెప్పలేదు.

అసలు బాధ 2022 ఎండల్లో మొదలైంది. గ్లాసు పెట్టి మీట నొక్కితే ముప్పావు వంతు నురగ. నురగ దిగాక చూస్తే అడుగున నాలుగు వేళ్ల సోడా, అదీ చప్పగా. "ఏం సామీ, సబ్బు నీళ్లా ఇవి?" అన్నాడొకాయన. సర్వీసు మనిషిని పిలిచాను. వచ్చి రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ పెంచాడు. సాయంత్రానికి నురగ ఇంకా పెరిగింది. వారం తర్వాత వచ్చిన ఇంకో మనిషి "ఎవరన్నా పెంచింది?" అని తగ్గించి వెళ్లాడు. నురగ అలాగే ఉంది, పైగా ఘాటు కూడా పోయింది. రెండుసార్లూ విజిటింగ్ చార్జీ ఇచ్చుకున్నాను.

ఆ నెలలోనే తాతయ్యగుంట గంగమ్మ జాతర. మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. వాడు అక్కడ ఒక పబ్బులో పని చేస్తాడు. పైన గ్లాసులు అందించే పని కాదు, కింద సెల్లార్లో కెగ్గులు (బీరు పీపాలు), గ్యాస్, పైపులు చూసుకునే పని. డ్రాట్ బీరు కెగ్గు నుంచి కుళాయి దాకా సరిగ్గా రావడమే వాడి ఉద్యోగం. ఇంట్లో వాడి పని గురించి ఎవరం ఎక్కువ మాట్లాడం, అది వేరే విషయం.

కొట్లో నా అవస్థ చూసి వాడు రెగ్యులేటర్ జోలికి వెళ్లలేదు. వంటింట్లో వాడే లాంటి చిన్న థర్మామీటర్ బ్యాగులోంచి తీశాడు. ఒక గ్లాసు పట్టి పారబోశాడు, రెండోదీ పారబోశాడు, మూడో గ్లాసులో ముంచాడు. పదకొండు డిగ్రీలు.

"మామా, మా దగ్గర బీరు నాలుగు డిగ్రీలు దాటితేనే నురగ గోల మొదలు. నీది పదకొండులో ఉంది. గ్యాస్ మీద చేయి వేయకు."

తర్వాత మెషీన్ వెనక్కి చేయి పెట్టి చూడమన్నాడు. పెట్టాను. హోటల్ పొయ్యి ముందు నిలబడినట్టుంది. నేను జాగా కలిసొస్తుందని మెషీన్‌ని పడమటి గోడకి ఆనించి పెట్టాను. మధ్యాహ్నం నుంచి ఎండ పడేది ఆ గోడ మీదే. కంప్రెసర్ వదిలే వేడి గాలికి బయటికి దారి లేదు, మళ్లీ దాన్నే పీల్చుకుంటోంది. జాలీ విప్పితే రేకుల మధ్య రోడ్డు దుమ్ము దుప్పటిలా పట్టి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో ఇద్దరం గంటసేపు గీకాం. మెషీన్‌ని గోడకి అడుగున్నర ముందుకి లాగాం. తొట్టిలో నీళ్లు తిప్పే చిన్న ఫ్యాను ఆగిపోయి ఉందని కూడా వాడే కనిపెట్టాడు. ఐసు ఒక పక్క గడ్డ కట్టి, పైపు చుట్ట మీద నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఆ ఫ్యాను మోటరు రేణిగుంట రోడ్డులో దొరికింది. బిగించిన నాలుగు గంటలకి గ్లాసులో సోడా మూడు డిగ్రీలు. నురగ వేలెడు. రెగ్యులేటర్‌ని వాడు కంపెనీ చెప్పిన చోటికి, అంటే మా మెషీన్‌కి 85 పీఎస్ఐ ఒత్తిడికి, తిరిగి తెచ్చాడు, అంతే.

మర్నాడు ఒళ్లంతా కుంకుమ పూసుకుని బండ వేషంలో వచ్చిన కుర్రాళ్లకి వరుసగా నిమ్మ సోడాలు పోశాను. ఒక్కటీ పారబోయలేదు.

వాడు ఆ రాత్రి మిద్దె మీద పడుకుని చెప్పింది నాకు బాగా ఎక్కింది. మామూలు గాలి ఒత్తిడి దగ్గర లీటరు నీళ్లు సున్నా డిగ్రీల్లో దాదాపు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటాయి. 20 డిగ్రీల్లో 0.9 లీటరు కూడా పట్టవు. 40 డిగ్రీల్లో అర లీటరు, కాస్త పైన. నీళ్లు వేడెక్కితే లోపల నిలవలేని గ్యాస్ గ్లాసులోకి రాగానే ఒక్కసారిగా లేచిపోతుంది. నురగ ఎక్కువ, ఘాటు తక్కువ, రెండూ ఒకేసారి కనబడేది అందుకే. గ్యాస్ ఎక్కువైతే నురగ వస్తుందన్నది నిజమే. కానీ గ్యాస్ మరీ తగ్గించినా నురగే వస్తుందని వాడు చెబితే నేను నమ్మలేదు. పైపులో ఒత్తిడి చాలకపోతే గ్యాస్ దారిలోనే విడిపోయి బుడగలు కడుతుందట. బీరుకి వాళ్లు పెట్టే ఒత్తిడి 12 పీఎస్ఐ ప్రాంతం, మనకి 85. అంకెలు వేరైనా వ్యవహారం ఒకటే.

ఇంకో చిట్కా కూడా వాడిదే. పొద్దున్నే మొదటి గ్లాసు ఒక్కటే నురగ కక్కి తర్వాతవి బాగుంటే, కుళాయి దగ్గరి పైపు వేడెక్కిందని అర్థం. అది జబ్బు కాదు. ప్రతి గ్లాసూ అలాగే ఉంటే చిల్లర్, అంటే సోడాని చల్లబరిచే భాగం, సంగతి చూడాలి. బాగా వస్తున్నది హఠాత్తుగా చిటపటలాడుతూ ఉమ్మితే నీళ్లో గ్యాసో అయిపోవచ్చింది. పోసిన గ్లాసు గోడకి బుడగలు అంటుకుని కదలకుండా ఉంటే తప్పు మెషీన్‌ది కాదు, గ్లాసు సరిగ్గా కడగలేదు. ఇది చదివి మా కుర్రాడు నన్ను తిట్టుకుంటాడు.

ఇంగ్లండులో ఒక రకం బీరు ఉందట, కాస్క్ ఏల్. దాన్ని సెల్లార్లో 11 నుంచి 13 డిగ్రీల్లో ఉంచితే చాలంటారట. మన ఊళ్లో మే నెలలో అది ఫ్రిజ్జు కింద లెక్క.

నన్నారి గురించి వేరేగా చెప్పాలి. మా అమ్మకంలో నిమ్మ తర్వాత అదే. మెషీన్ కుళాయిల్లో ఒకదానికి నన్నారి సిరప్ పెట్టడం నేను చేసిన రెండో తప్పు. నన్నారి అంటే సుగంధి పాల వేరే, దాంట్లో సపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయకి నురగ తెచ్చేవి కూడా అవే జాతివి. సోడా వేగంగా వచ్చి దాంట్లో పడితే గ్లాసు పొంగి బల్ల మీదికి వస్తుంది. ఇప్పుడు నన్నారి సీసాలోంచి చేత్తోనే పోస్తాం, గ్లాసు వంచి ప్లెయిన్ సోడాని గోడ వెంబడి దించుతాం. ఉప్పు నిమ్మ సోడాకి కూడా పొడి ఉప్పు వేయం. ఒక్కొక్క రవ్వ చుట్టూ గ్యాస్ లేచి పొంగుతుంది. అందుకే ఉప్పు నీళ్లు కలిపి సీసాలో పెట్టుకున్నాం. మెషీన్‌లో ఎనిమిది ఫ్లేవర్లు ఉన్నాయన్న మాటే గానీ రోజూ కదిలేవి నాలుగు.

గ్యాస్ ఎంత మిగిలిందో మీటరు చూసి చెప్పలేమని తెలిసింది కూడా దెబ్బ తిన్నాకే. సిలిండర్లో గ్యాస్ ద్రవంగా ఉన్నంతకాలం ముల్లు ఒకే చోట ఉంటుంది, 20 డిగ్రీల్లో అయితే 57 బార్ (ఇదీ ఒత్తిడి కొలతే) దగ్గర. సగం ఉన్నా అంతే, మూడో వంతు ఉన్నా అంతే. ముల్లు పడడం మొదలైందంటే ద్రవం అయిపోయిందని. పైగా 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ అసలు ద్రవంగా ఉండదు. మన మే నెలలో కొట్లో ఎప్పుడూ అంతకంటే ఎక్కువే కదా. 40 డిగ్రీల్లో నిండు సిలిండర్ ముల్లు 100 బార్ దాటి కూర్చుంటే మొదటిసారి నాకు టెన్షన్ వచ్చింది. ఇప్పుడు పాత సామాన్ల కొట్లో కొన్న కాటా మీదే సిలిండర్ నిలబెట్టి ఉంచాను. ఖాళీ బరువు సిలిండర్ భుజం మీదే చెక్కి ఉంటుంది, దాన్ని తీసేస్తే మిగిలింది గ్యాస్. నింపించుకునేటప్పుడు టెస్ట్ తేదీ కూడా అక్కడే చూడండి. పడుకోబెట్టి మాత్రం వాడకండి. ద్రవం రెగ్యులేటర్లోకి వచ్చి మంచు కట్టేస్తుంది.

2023 కార్తీక మాసంలో జరిగింది చెప్పాలా వద్దా అనుకున్నాను. చెబుతాను. పుత్తూరులో పెళ్లికి వెళ్లి రెండు రోజులు కొట్టు మూశాం. సోమవారం తెల్లారక ముందే వచ్చి షట్టర్ సగం ఎత్తాం. రోడ్డు ఎత్తు పెంచాక మా కొట్టు నేల అడుగున్నర గుంటలో పడింది, రెండు మెట్లు దిగాలి. మా ఆవిడ సిలిండర్ పక్కన తుడిచి, ముగ్గేసి, ప్రమిద వెలిగించింది. వత్తి చిన్నదై ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరింది. "గాలి కూడా లేదే" అంటూ ఇంకా వంగింది. వంగినప్పుడు ముక్కులోకి సోడా ఘాటు కొట్టిందని తర్వాత చెప్పింది. నాకు అప్పుడు వెలిగింది. చేయి పట్టుకుని రోడ్డు మీదికి లాగేశాను. ఆమెకి గంటసేపు తలనొప్పి.

షట్టర్ మొత్తం ఎత్తి, టేబుల్ ఫ్యాను మెట్ల మీద పెట్టి, అరగంట ఆగాకే లోపలికి వెళ్లాను. సబ్బు నురగ రాస్తే రెగ్యులేటర్ నట్టు దగ్గర బుస్సుమని బుడగలు. సిలిండర్ మార్చినప్పుడు పాత వాషరే మళ్లీ వేశాం. కాటా మీద పెడితే 14 కిలోలు తక్కువ. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద నీళ్లలా నిలుస్తుంది. నిండు 30 కిలోల సిలిండర్ మొత్తం కారితే 16,000 లీటర్ల పైన గ్యాస్ అవుతుంది, అంటే మా కొట్టులో దాదాపు సగం. మేనల్లుడికి ఫోన్ చేస్తే వాడు మొదట మాట్లాడలేదు. తర్వాత గట్టిగా అరిచాడు. వాళ్ల సెల్లార్లో కార్బన్ డయాక్సైడ్ అలారం మోగుతుంటే మేనేజర్ కూడా లోపలికి అడుగు పెట్టకూడదట. పై వారం వాడే ఒక అలారం పంపాడు. నేలకి అడుగు ఎత్తులో బిగించాం. రాత్రి కొట్టు కట్టేటప్పుడు సిలిండర్ వాల్వు మూస్తాం. కొత్త వాషర్ ఐదు రూపాయలు.

మెషీన్‌లో కచ్చితంగా మెషీన్ తప్పే అనదగ్గవి రెండు. ఒకటి, నీళ్లు లేకుండా మోటరు తిరిగితే ఆపే ఏర్పాటు లేదు. ఆర్వో ట్యాంకు ఖాళీ అయిన ఒక మధ్యాహ్నం మోటరు అరిచి అరిచి పంపు పోయింది. తర్వాత ఫ్లోట్ స్విచ్ నేనే పెట్టించుకున్నాను. రెండు, ట్యాంకు వెనక గ్యాస్ నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు. అది రెండో ఏడే లూజైంది. ఆ వైపు మా ప్లంబర్ రాగి పైపు వేసి ఉన్నాడు. గ్యాస్ కలిసిన నీళ్లు పులుపు గుణం, రాగిని కరిగిస్తాయి. పొద్దున్న మొదటి గ్లాసు పాత చిల్లర నాణెం నాకినట్టు ఉండేది. ఇంట్లో రాగి చెంబులో నీళ్లు తాగి మంచిదనుకునే మనకి ఇది వింతగా ఉంటుంది గానీ, సోడాకి రాగి పనికిరాదు, కడుపులో తిప్పుతుంది. ఇప్పుడు ఆ వైపంతా స్టీలు, ప్లాస్టిక్.

కడగడం మాత్రం తప్పదు. మూతులు రోజూ రాత్రి విప్పి వేడి నీళ్లలో వేస్తాం, సిరప్ పైపులు వారానికోసారి. బీరు పైపులు మేనల్లుడు రెండు వారాలకోసారి కాస్టిక్‌తో కడుగుతాడు. ఇంగ్లండులో వారానికోసారి కడుగుతారట. తీపి ఎక్కడుంటే అక్కడ బూజు, వాడికైనా నాకైనా.

సర్వీసు గురించి రాయడానికి పెద్దగా లేదు. ఫోన్ ఎత్తుతారు, నాలుగు రోజులకి వస్తారు, స్పేర్లు చెన్నై నుంచి రావాలి. కరెంటు నెలకి ఎండాకాలం నాలుగు వేల దాకా అదనం.

రోజుకి రెండు వందల గ్లాసులు అమ్మేవాళ్లకి ఇది గిట్టుబాటు. అంతకంటే తక్కువైతే గోలీ సోడా సీసాలే నయం. కొనేటప్పుడు కుళాయిలు లెక్కపెట్టకుండా ఐసు తొట్టి ఎంత పెద్దదో అడగండి. డెమోలో ఒక్క గ్లాసు పోసి చూపిస్తారు, ఇరవై వరుసగా పోయించి ఇరవయ్యో దాంట్లో థర్మామీటర్ పెట్టండి. నాకు అమ్మిన మెషీన్‌కి ఆ ఇరవయ్యో గ్లాసు తొమ్మిది డిగ్రీలు వస్తుంది. అందుకే జాతర వారం సిరప్ సీసాల్ని కూడా ఐసు పెట్టెలో పెడుతున్నాను.