జాలిపియే ఊరి లైవ్ టూర్: చూడొచ్చు, కానీ గంట చాలదు

పోలండ్‌లో గోడల నిండా పూలు వేసుకునే ఊరు ఒకటుంది, పేరు జాలిపియే. అక్కడ నడుస్తూ ఫోన్ కెమెరాతో లైవ్‌లో చూపించే గంట టూర్ ఒకటి దొరికితే బుక్ చేశాను. తిరుపతిలో మా ఇంట్లో టీవీకి కలిపి అమ్మ, పిన్నమ్మ, నేను కూర్చున్నాం. వాళ్లకి ఉదయం 10, వేసవి కాబట్టి మనకి మధ్యాహ్నం ఒకటిన్నర, భోజనం అయ్యాక హాయిగా చూశాం. ముగ్గురం చూసినా టికెట్టు ఒకటే.

గైడ్ అమ్మాయి మొదట తీసుకెళ్లింది ఫెలీత్సియా త్సురివోవా ఇంటికి. 1904లో పుట్టి 1974లో పోయిన ఈ చిత్రకారిణి వల్లే ఊరికి పేరొచ్చింది, ఇప్పుడా ఇల్లు మ్యూజియం. గోడలు, పొయ్యి, లోకప్పు, ఎక్కడ చూసినా పూలే. ఇంతకీ ఈ పూలు ఎందుకు మొదలయ్యాయో చెప్పినప్పుడు అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. పాత ఇళ్లకి పొగగొట్టం ఉండేది కాదట, పొగంతా ఇంట్లోనే తిరిగి గోడలు మసిబారిపోతే ఆడవాళ్లు సున్నంతో చుక్కలు చుక్కలుగా అద్ది ఆ నలుపుని కప్పేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో పొగగొట్టాలున్న పొయ్యిలు వచ్చి గోడలు తెల్లగా నిలిచాక ఆ చుక్కలే మెల్లగా పూలయ్యాయి. రంగు పొడిలో పాలు కలిపేవాళ్లు, కుంచెలు కూడా ఇంట్లోనే చేసుకునేవాళ్లు. కట్టెల పొయ్యి దగ్గర మసిబట్టిన గోడకి మా అవ్వ పండగ పండగకీ సున్నం కొట్టి, కింద ఎర్రమన్ను పట్టీ వేసి దాని మీద ముగ్గు పెట్టేది. అమ్మ ఆ మాట చెబితే నేను ఇంగ్లీషులో గైడ్‌కి చెప్పాను, ఆ అమ్మాయి ఆగి ముగ్గు ఎలా పెడతారని అడిగి మరీ తెలుసుకుంది. ఈ ఒక్క పది నిమిషాలకే డబ్బులు వచ్చేశాయనిపించింది.

నచ్చనిది ఏమిటంటే, మ్యాప్ ఒక్కసారి కూడా చూపించలేదు, ఊరి చరిత్ర దాదాపు లేదు. నేను ముందే చదువుకున్నాను కాబట్టి సరిపోయింది. టార్నూవ్ పట్టణానికి ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో చదునైన పొలాల మధ్య ఉంటుందీ ఊరు, దునాయెత్స్ నది వెళ్లి విస్తులా నదిలో కలిసే చోటు అక్కడికి దగ్గరే. 1772లో పోలండ్‌ని చుట్టుపక్కల రాజ్యాలు మొదటిసారి పంచుకున్నప్పుడు ఈ వైపు ఆస్ట్రియాకి పోయింది. 1815 తర్వాత విస్తులాకి అవతలి ఒడ్డున రష్యా ఏలుబడి, ఇవతల ఆస్ట్రియా, మొదటి ప్రపంచ యుద్ధం దాకా అంతే. తిరుత్తణి 1960లో మద్రాసు వైపు వెళ్లిన సంగతి ఇళ్లలో వింటూ పెరిగిన చిత్తూరు జిల్లా వాళ్లకి సరిహద్దు గీత మారితే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు, కానీ ఆ గీత ఇక్కడ ఉండేదని ఎవరో ఒకరు చెప్పాలి కదా! పొలాల మధ్య ఊరికే నడిచిన సమయంలో ఇదంతా చెప్పి ఉండొచ్చు.

ఇంకోటి, ఇళ్లు ఒకే వీధిలో ఉండవు, దూరదూరంగా విసిరేసినట్టు ఉంటాయి. అందుకే గంటలో నాలుగైదే చూపించగలిగింది. సెయింట్ జోసెఫ్ చర్చి లోపలి పూలు చూస్తుండగా సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది, మళ్లీ వచ్చేసరికి బయట ఉన్నారు. పిన్నమ్మకి అది చాలా బాధగా అనిపించింది.

రెండు గంటల టూర్ కూడా ఉంది, బుక్ చేస్తే అదే చేయండి. వీలైతే మే, జూన్‌లో చేయండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1948లో మొదలుపెట్టిన ఇళ్ల అలంకరణ పోటీ కార్పస్ క్రిస్టీ అనే క్రైస్తవ పండగ అయిన వెంటనే జరుగుతుంది, అప్పుడు గోడల మీద రంగులు కొత్తగా ఉంటాయి. మేము ఈసారి అప్పుడే చూస్తాం, చర్చి దగ్గర నుంచే మొదలుపెట్టమని ముందే రాసి అడుగుతాను.