గండమ్ కొత్తగా చూసేవాళ్ళకు ఏది మేలు: మెర్క్యురీ మంత్రగత్తా, జీక్వక్సా?

మా బాబాయి కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు "అన్నా, గండమ్ చూద్దామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగాడు. మనుషులు లోపల కూర్చుని నడిపే భారీ యుద్ధయంత్రాల మీద జపాన్‌లో 1979 నుంచి వస్తున్న యానిమే కథ అది. ఎన్ని సిరీస్‌లు, ఎన్ని సినిమాలు, ఎన్ని వేర్వేరు కాలాలు! "ఈ మధ్య వచ్చింది చూసెయ్‌రా" అని అప్పటికి చెప్పి పంపించాను. కానీ వాడు బస్సెక్కాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చివరికి ఈ మధ్య వచ్చిన రెండు సిరీస్‌లనూ, వాటికి మూలమైన పాతదాన్నీ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చూశాను.

ఆ రెండింటిలో ఒకటి 2022 అక్టోబరులో మొదలై 2023 జులైలో ముగిసిన 'ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ', అంటే మన మెర్క్యురీ మంత్రగత్తె. రెండోది 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చిన 'జీక్వక్స్'. రెండింటిలోనూ కాక్‌పిట్‌లో కూర్చునేది ఒక అమ్మాయి. ఆ పోలిక అక్కడికే. మంత్రగత్తె పాత కథను పూర్తిగా పక్కన పెట్టి, దాని ప్రాణాన్ని మాత్రం తీసుకుని కొత్త ఇల్లు కట్టింది. జీక్వక్స్ పాత ఇంట్లోనే ఉండి, ఒక్క తలుపు మాత్రం వేరే వైపుకి తెరిచింది.

ఆ తలుపు ఏమిటో తెలియాలంటే పాత గండమ్ మొదటి ఎపిసోడ్ దగ్గరికి వెళ్ళాలి.

దర్శకుడు యోషియుకి టొమినో. మొదటిసారి ప్రసారమైనప్పుడు రేటింగ్‌లు రాలేదు, స్పాన్సర్ బొమ్మలు కూడా అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. 52 ఎపిసోడ్లు అనుకున్నది 43తో ముగించాల్సి వచ్చింది. తర్వాత పునఃప్రసారాలు, 1980 జులైలో బందాయ్ తెచ్చిన 300 యెన్‌ల ప్లాస్టిక్ మోడల్ కిట్, 1981-82లో వచ్చిన మూడు సినిమాలు కలిసి దాన్ని నిలబెట్టాయి. అంతకుముందు రోబో కథల్లో హీరో రోబో ఎక్కడం అంటే పండగ. ఇక్కడ అలా కాదు. భూ సమాఖ్యకూ, జియాన్ అనే అంతరిక్ష కాలనీల రాజ్యానికీ యుద్ధం జరుగుతోంది. సైడ్ 7 అనే అంతరిక్ష కాలనీలో అమురో రే అనే కుర్రాడు లోపలి బనియన్‌తో కూర్చుని కంప్యూటర్ ముందు తిండి కూడా మర్చిపోతాడు. పక్కింటి అమ్మాయి ఫ్రావ్ వచ్చి తిను, బయటికి పద అని కేకలేస్తుంది. కాసేపటికి జియాన్ సైనికులు జాకులనే యంత్రాల్లో కాలనీలోకి చొరబడతారు. ఒక పేలుడులో ఫ్రావ్ తల్లీ, తాతా ఆమె కళ్ళ ముందే చనిపోతారు. అమురో ఆమెను పరిగెత్తమని గట్టిగా అరుస్తాడు. ఆమె ఏడుస్తూ పరిగెడుతుంది. అప్పుడు మాన్యువల్ చేతిలో పట్టుకుని, సమాఖ్య తయారుచేసిన కొత్త యంత్రం గండమ్ ఎక్కుతాడు.

ఎక్కి గెలుస్తాడు. కానీ మొదటి జాకును నరకగానే దాని రియాక్టర్ పేలి కాలనీ గోడకు రంధ్రం పడుతుంది. ఆ రంధ్రం గుండా బయటికి కొట్టుకుపోయినవాళ్ళలో అమురో తండ్రి కూడా ఉన్నాడు. పేలితే ఏమవుతుందో కళ్ళారా చూశాడు కాబట్టి రెండో జాకును పేల్చకూడదనుకుంటాడు. సూటిగా కాక్‌పిట్‌లోకి కత్తి దించుతాడు. అంటే లోపల ఉన్న మనిషిని. పదిహేనేళ్ళ పిల్లవాడు మొదటి రోజే నేర్చుకున్న పాఠం అది. నలభై ఏళ్ళు దాటినా ఆ రెండు నిమిషాలు చూస్తుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు ఉంటుంది నాకు. గండమ్ అనే పేరు పెట్టుకున్న ప్రతి కొత్త సిరీస్‌నూ నేను కొలిచే కొలబద్ద ఇదే. చిన్నపిల్లల చేతికి పెద్దవాళ్ళు ఆయుధం ఇచ్చినప్పుడు దాని బరువు మనకు తెలుస్తోందా, లేదా?

జీక్వక్స్ సరిగ్గా ఈ రోజు దగ్గరే మొదలవుతుంది. పాత కథలో జియాన్ వీరుడు షార్ అజ్నబుల్ ఓడలోనే ఉండి మనుషుల్ని పంపిస్తాడు. వాళ్ళలో ఒకడు ఆదేశం మీరి తొందరపడడంతో గొడవంతా మొదలవుతుంది. కొత్త కథలో షార్ స్వయంగా తనే వెళ్తాడు. అంతే మార్పు. అమురో ఎక్కాల్సిన గండమ్‌లో షార్ ఎక్కుతాడు. తెల్ల గండమ్‌కు ఎర్ర రంగు పడుతుంది. యుద్ధం జియాన్ గెలుస్తుంది. భారతాన్ని కౌరవుల వైపు నుంచి చెప్పిన నాటకాలూ సినిమాలూ మనకు కొత్త కాదు. కానీ ఇది అంతకంటే ఒక మెట్టు ముందుకెళ్ళింది. వైపు మార్చడమే కాదు, కురుక్షేత్రం ఫలితాన్నే మార్చేసి, ఆ తర్వాతి ఊళ్ళో పిల్లలు ఎలా పెరిగారో చూపిస్తుంది.

ఈ భాగాన్ని 2025 జనవరిలో ముందు సినిమాగా జపాన్ థియేటర్లలో వేశారు. దర్శకుడు కజుయా త్సురుమాకి. రచనలో యోజి ఎనోకిదో, 'ఎవాంజెలియన్' తీసిన హిదెయాకి అన్నో ఉన్నారు. స్టూడియో ఖారా, సన్‌రైజ్ కలిసి తీశాయి. అన్నోకు పాత గండమ్ మీద ఎంత ప్రేమో ఆ మొదటి భాగంలో ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది. అప్పటి నేపథ్య సంగీతాన్నీ, అప్పటి ముఖాల గీతనూ అలాగే తెచ్చి పెట్టారు. పాతదీ కొత్తదీ వెంటవెంటనే చూస్తే, అదే కాలనీ, అదే గోడ, అదే ట్యూన్ వస్తూ వస్తూ ఒక్క చోట వేరే దారి పట్టడం చూసి నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. సొంత ఊరికి వెళ్ళి, మన ఇంట్లో వేరేవాళ్ళు కాపురం ఉండడం చూసినట్టు ఉంటుంది.

కానీ మా తమ్ముడి సంగతి? వాడికి ఆ ఇల్లే తెలియదు. షార్ గండమ్ ఎక్కాడంటే "అయితే ఏంటి?" అంటాడు. ఆ ప్రశ్నలో తప్పు లేదు.

అయిదేళ్ళ తర్వాతి అసలు కథలో మచు అనే స్కూల్ అమ్మాయి ఉంటుంది. సుఖమైన ఇల్లు, ట్యూషన్లు, స్మార్ట్‌ఫోన్. అయినా ఈ ఆకాశం నిజం కాదు, ఈ గురుత్వం నిజం కాదు, ఒక్కసారైనా నిజమైన సముద్రంలో ఈదాలి అనే తపన. రైల్వే స్టేషన్లో న్యాన్ అనే శరణార్థి అమ్మాయి పోలీసుల నుంచి పారిపోతూ ఆమెను గుద్దేస్తుంది, ఫోన్ పగులుతుంది. అక్కడి నుంచి దొంగతనంగా జరిగే క్లాన్ బ్యాటిల్స్‌లోకి మచు జారిపోతుంది. ఇద్దరికి ఇద్దరు యంత్రాల్లో కొట్టుకుంటారు, ఎదుటి యంత్రం తల తెగితే గెలుపు. రంగులూ వేగమూ కళ్ళు తిప్పుకోనివ్వవు. అయితే తల తెగితే ఆట అయిపోతుంది అనే నియమం వల్ల అమురో కత్తి బరువు ఇక్కడ చాలాసేపు కనిపించదు.

నాలుగో ఎపిసోడ్‌లో ఒక్కసారిగా కనిపిస్తుంది. షీకో అనే ఆమె యుద్ధంలో ఓడిన సమాఖ్య వైపు పేరుమోసిన పైలట్. ఇప్పుడు పెళ్ళయింది, ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడు. యుద్ధంలో తన జోడీని చంపిన ఎర్ర గండమ్ మీద పగ మాత్రం చల్లారలేదు. బిడ్డను ఇంట్లో వదిలి ఆ పగ కోసం వచ్చి, ప్రాణం పోగొట్టుకుంటుంది. పన్నెండు ఎపిసోడ్లలో నేను రెండోసారి వెనక్కి వెళ్ళి చూసింది ఇదే. జీక్వక్స్‌లో యుద్ధాన్ని మోస్తున్నది పెద్దవాళ్ళేనని అప్పుడు అర్థమైంది. పిల్లలు ఆ శిథిలాల మీద ఆడుకుంటున్నారు.

మంత్రగత్తె దీనికి తలకిందులు. దర్శకుడు హిరోషి కొబయాషి, కథా నిర్మాణం ఇచిరో ఒకోచి. బుధగ్రహం నుంచి సులెట్టా అనే బిడియపు అమ్మాయి, యంత్రాలు నడపడం నేర్పే అస్టికాసియా స్కూల్‌కు వస్తుంది. మాట తడబడుతుంది. స్కూల్లో చేయాల్సిన పనులని ఒక లిస్టు రాసుకుని వస్తుంది. అక్కడ గొడవలన్నీ ద్వంద్వయుద్ధాలతో తేల్చుకుంటారు. గెలిచినవాడికి పెద్ద కంపెనీ అధిపతి కూతురు మియొరినేతో పెళ్ళి అని ఆమె తండ్రి పందెం పెట్టాడు. మియొరినే తన గ్రీన్‌హౌస్‌లో టమాటాలు పెంచుకుంటుంది. ఒక పొగరుబోతు విద్యార్థి దాన్ని ధ్వంసం చేస్తున్నప్పుడు సులెట్టా భయంతో వణుకుతూనే అడ్డం పడుతుంది. ఇదంతా మా తమ్ముడికి ఒక్క ముక్క వివరించనక్కర్లేదు. కాలేజీ కథలు చూసినవాడెవడైనా పది నిమిషాల్లో లోపలికి వచ్చేస్తాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జపనీస్‌లో గండమ్ అనే పేరు పలికితే మన చెవికి దాదాపు 'గండం' అనే వినిపిస్తుంది. మిగతా సిరీస్‌ల సంగతి ఎలా ఉన్నా, దీనికి మాత్రం ఆ అర్థం సరిపోయింది. ఇందులో గండమ్ అంటే నిషేధించిన యంత్రం. మొదట కృత్రిమ అవయవాల కోసం, అంటే మనుషుల్ని బతికించడానికి పుట్టిన విద్య అది. యుద్ధయంత్రంలో పెట్టేసరికి నడిపేవాళ్ళ ప్రాణాలే తీస్తుంది. అందుకే ఎక్కినవాళ్ళను మంత్రగత్తెలంటారు.

పన్నెండో ఎపిసోడ్ ముగింపు చెప్పకుండా ఈ పోలిక పూర్తి కాదు. చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. "పారిపోతే ఒకటి దక్కుతుంది, ముందుకెళితే రెండు దక్కుతాయి" అని తల్లి నేర్పిన మాట సులెట్టాకు మంత్రం లాంటిది. బెదిరినప్పుడల్లా గొణుక్కుంటుంది, మనకూ ముద్దొస్తుంది. దాడి జరిగిన రోజు తల్లి అదే మాట చెప్పి ఆమెను యంత్రం ఎక్కిస్తుంది. మియొరినే మీదికి తుపాకీతో వచ్చిన మనిషిని సులెట్టా తన గండమ్ ఏరియల్ అరచేత్తో దోమను కొట్టినట్టు కొట్టేస్తుంది. తర్వాత కిందికి దిగి, రక్తంలో కాలు జారి, లేచి, నవ్వుతూ ఆ రక్తపు చేయి స్నేహితురాలికి చాపుతుంది. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. అమ్మ చెప్పినట్టు చేసిన పిల్ల నవ్వు అది. 2023 జనవరి 8న ఇది వేసి, మూడు నెలల విరామం తర్వాత ఏప్రిల్‌లోగానీ తర్వాతి భాగం మొదలుపెట్టలేదు. అమురో కాక్‌పిట్‌లోకి దించిన కత్తి, ఇన్నేళ్ళ తర్వాత ఈ అరచేతిలో మళ్ళీ కనిపించింది నాకు. పాత పాత్ర ఒక్కటీ లేదు, పాత ఓడ లేదు, పాత ట్యూన్ లేదు. అయినా అదే గండమ్.

అలాగని మంత్రగత్తెలో లోపాలు లేవని కాదు. 24 ఎపిసోడ్లలో భూమివాళ్ళకూ అంతరిక్షంవాళ్ళకూ మధ్య దోపిడీ కథ ఎంతో ఆశతో మొదలవుతుంది. చివరి నాలుగైదు ఎపిసోడ్లలో ముడులన్నీ గబగబా విప్పేశారు. భూమి వైపు పిల్లల కోపానికి దక్కాల్సిన చోటు దక్కలేదు. జీక్వక్స్‌కైతే ఈ తొందర ఇంకా ఎక్కువ. ఉన్నవే 12. మచు, న్యాన్, ఇప్పుడు ఎర్ర గండమ్ నడిపే కుర్రాడు షూజీ, ఈ ముగ్గురి మధ్య ఏముందో కుదురుగా చెప్పకముందే పాత గండమ్ నీడ వచ్చి కథను లాగేసుకుంటుంది. చివరికి వచ్చేసరికి సముద్రంలో ఈదాలనుకున్న ఆ పిల్ల కంటే, పాత అభిమానుల జ్ఞాపకాలకే ఎక్కువ స్థలం దొరికింది. మచును అంత బాగా పరిచయం చేసి అలా చేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

అయినా జీక్వక్స్‌లో ఒక పని జరిగింది. దానికి సాటి మంత్రగత్తెలో లేదు, ఉండే వీలు కూడా లేదు. షాలియా బుల్ అని ఒక పాత్ర ఉంది. 1979 సిరీస్‌లో 39వ ఎపిసోడ్‌లో వస్తాడు. బృహస్పతి నుంచి తిరిగొచ్చిన మనిషి, ఎదుటివాళ్ళ మనసు తెలిసే శక్తి ఉన్నవాడు. జియాన్ పెద్దలు తనను పావుగా వాడుతున్నారని తెలిసీ వెళ్తాడు, అమురో చేతిలో అదే ఎపిసోడ్‌లో చనిపోతాడు. మూడు సినిమాలుగా కుదించినప్పుడు అతన్ని పూర్తిగా తీసేశారు. అంటే చాలామంది అభిమానులకు అతను లేనట్టే. జీక్వక్స్ ఆ మనిషిని బతికించి, షార్ పక్కన జోడీగా నిలబెట్టి, షార్ మాయమయ్యాక అయిదేళ్ళు అతని కోసం వెతికించింది. గడ్డం, అలసిన కళ్ళు, ఎవరికీ పూర్తిగా చెప్పని ఆలోచన. ఇరవై నిమిషాల్లో పోయినవాడికి ఇంత జీవితం ఉండేదా అని చూస్తూ ఉండిపోయాను. పాత కథ మీద గాఢమైన ప్రేమ ఉన్నవాళ్ళకే ఇలాంటి మూల కనబడుతుంది.

ఏది మేలు అంటే, మూలాన్ని కొత్తగా చెప్పడంలో నా ఓటు మంత్రగత్తెకే. అది ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకుండా తన కాళ్ళ మీద నిలబడింది. పైగా గండమ్ అసలు దేని గురించో మర్చిపోలేదు. జీక్వక్స్‌ను దానికంటే తక్కువని తీసిపారేయలేను, కానీ అది రెండోసారి తినాల్సిన వంట. మొదటి ముద్దకే రుచి తెలియదు.

తమ్ముడికి నిన్న ఫోన్ చేసి నా మాట మార్చుకున్నాను. ముందు మంత్రగత్తె, పది గంటల్లో అయిపోతుంది. నచ్చితే 1981-82 నాటి మూడు సినిమాలు, మొత్తం ఏడు గంటలు. బొమ్మ పాతగా ఉందని మొదటి అరగంటకే ఆపకు అని మరీ మరీ చెప్పాను. ఆ తర్వాత జీక్వక్స్. దానికి ముందు మాత్రం పాత సిరీస్‌లోంచి 39వ ఎపిసోడ్ ఒక్కటి వెతికి చూడమన్నాను. "సినిమాలు చూశాక మళ్ళీ ఆ ఒక్కటీ ఎందుకన్నా?" అన్నాడు. సినిమాల్లో లేని ఒకాయన అందులో ఉన్నాడురా, ఆయన్ని ఒకసారి కలిసి వెళ్ళు అన్నాను.