సోమశిల రేవా, బీచుపల్లి దారా?

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ నుంచి కృష్ణ దాటి నంద్యాల జిల్లా ఆత్మకూరుకు (మన వనపర్తి దగ్గరి ఆత్మకూరు కాదు) వెళ్లవలసిన వారికి ఎదురయ్యే ప్రశ్న ఇది.

దూరం, ఖర్చు: కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవులో పడవెక్కి నది దాటితే అవతలి ఒడ్డు సిద్ధేశ్వరమే. రోడ్డున పెబ్బేరు, బీచుపల్లి, కర్నూలు మీదుగా వంద కిలోమీటర్లు దాటిన చుట్టు తిరుగుడు. కృష్ణతో పాటు తుంగభద్రనూ దాటాలి.

శ్రమ: సోమశిల దగ్గర కృష్ణ అంటే శ్రీశైలం జలాశయపు వెనుక జలాలే. ఆ జలాశయం 885 అడుగులకు నిండినప్పుడు పడవ మెట్ల దగ్గరికే వస్తుంది. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గి రేవు కిందికి జారుతుంది కనుక, చెప్పులు చేతబట్టుకొని, మడమలు దిగబడే ఒండ్రులో మూటలు మోసుకుంటూ నడవక తప్పదు. బస్సుకు ఈ బాధ లేదు.

ప్రమాదం: 2007 జనవరిలో ఈ వెనుక జలాల్లోనే పడవ మునిగి 61 మంది చనిపోయారు. అందువల్ల గాలి లేచిన రోజున, లైఫ్ జాకెట్లు ఇవ్వని పడవలో, ఎంత తొందరున్నా ఎక్కకూడదని నా గట్టి అభిప్రాయం.

ఒంటరిగా, తేలికపాటి సంచితో, తేటగా ఉన్న ఉదయాన వెళ్లేవారికి పడవే మేలు. పసిపిల్లలు, రోగులు, పెళ్లి సామాను వెంట ఉన్నవారికీ, చీకటి పడ్డాక బయలుదేరేవారికీ బీచుపల్లి వంతెనే దారి. సోమశిల వద్ద రూ. 1,082 కోట్ల కేబుల్ వంతెనకు కేంద్రం 2022లో ఆమోదం తెలిపింది. అది పూర్తయి వాహనాలు తిరిగిననాడు ఈ ప్రశ్నే ఉండదు.